ఉప్పులేని ఇల్లు

మామగారి చీలమండ మీద బొటనవేలితో నొక్కి తీసిన చోట గుంట పడి, అది ఎంతకీ పూడకపోవడం చూసి పెద్దకోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఒళ్ళు తుడుస్తున్న తడిగుడ్డ ఒక చేత్తో పట్టుకునే ఇంకాస్త పైన నొక్కింది. అక్కడా గుంటే. దిగిన చోటు దిగినట్టే ఉండిపోయింది.

"ఏంటమ్మాయ్, పిండి నానిందో లేదో చూస్తున్నావా?" అన్నాడు ఆయన.

ఇంట్లో ఆయన్ని నాన్న అన్నా, మామయ్య అన్నా, బయట అందరికీ ఆయన 'మేస్త్రి'. ఇంటి పెరటిగోడకి అవతల ఉన్న మెస్‌లో గరిటె పట్టి జుట్టు నెరిసిన మనిషి. మొన్నటి గుండెపోటు ఆ గరిటె లాక్కుంది గానీ, జోకులు మాత్రం లాక్కోలేకపోయింది.

కోడలు నవ్వలేదు. మంచం తలవైపు చూసింది. ఎప్పుడూ ఒకటే ఉండే దిండు ఇవాళ రెండయింది.

"రెండో దిండు ఎందుకు మామయ్యా?"

"ఊరికే. పడుకుని కిటికీలోంచి రోడ్డు చూద్దామని."

కిటికీ ఉన్నది ఆయన తల వెనక.

కోడలు మళ్ళీ గుడ్డ తడిపింది. కాళ్ళు రెండూ మెల్లగా తుడిచి, దుప్పటి కప్పి, గిన్నె తీసుకుని బయటికి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ ఇదే చెప్పింది. కాళ్ళు వాచినా, వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెంచినా, ఇంక ఆలోచించకుండా తీసుకురమ్మంది. ఆయన గుండె ఇప్పుడు సగం బలంతోనే కొడుతోందని, ఉప్పు లోపలికి వెళితే ఒంట్లో నీరు ఆగుతుందని, ఆగిన నీటి బరువంతా ఆ సగం గుండె మీదే పడుతుందని చెప్పింది. ఇంకోసారి ఇలా వస్తే నేను మాటివ్వలేనమ్మా, అని కూడా చెప్పింది.

అందుకే ఆ ఇంట్లో ఉప్పు డబ్బా లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే కోడలు దాన్ని తీసుకెళ్ళి మరిది చేతికిచ్చి, మెస్‌లో పెట్టుకో చిన్నా, మళ్ళీ మన గడప తొక్కనివ్వకు అంది.

మరి ఆ ఉప్పు ఏ దారిన వచ్చింది?

*

ఆ ఇంటి తిండి మారడానికి కారణం డాక్టరమ్మ వేసిన ఒక ప్రశ్న. మెస్ కూరలు రాకముందు మీ ఇంట్లో ఏం తినేవారు, అని అడిగింది ఆవిడ. కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. పుట్టినప్పటినుంచి వాళ్ళకి తెలిసింది మెస్ అన్నమే. మూల బల్ల మీద కునుకు తీస్తున్న పెద్దత్త కళ్ళు తెరవకుండానే అందుకుంది.

పెద్దత్త మేస్త్రికి అక్క. తమ్ముడి భార్య పోయాక ఇల్లు చూసుకోవడానికి వచ్చి, ఇంట్లో అందరి మీదా అజమాయిషీ చేస్తూ ఉండిపోయిన మనిషి.

దంపుడు బియ్యం కొంచెం, పప్పు ఎక్కువ, అని మొదలుపెట్టింది ఆవిడ. పెరట్లో ఏ ఆకు చిగురిస్తే ఆ ఆకు. కాలవలో చిన్న చేపలు దొరికితే ఆవిరి మీద ఉడికించడం. నూనె అంటే గరిటె చివర తడి కనబడేంత. మాంసం చుట్టాలొస్తేనే, మా మొహాలు చూసి ఆ చుట్టాలూ వచ్చేవాళ్ళు కాదు. దీపం పెట్టకముందే తినేసేవాళ్ళం, ఇంకో ముద్దకి చోటుండగానే మా అమ్మ కంచాలు తీసేసేది.

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. ఈయన గుండెకి నేను రాసివ్వాలనుకున్న తిండి ఇదేనమ్మా, అంది. ముడి ధాన్యం, పప్పులు, ఆకులు, చేప, తక్కువ నూనె, ఆకలి తీరేంతే తినడం. తూర్పుదేశాల్లో పాత తరాల ఇళ్ళలో ఇలాగే తినేవారు, రక్తనాళాలకి ఇది మేలు చేస్తుంది, అంది. మందులకి బదులుగా కాదు, మందులకి తోడుగా. పాతకాలం వాళ్ళు ఉప్పులో ఎండబెట్టినవీ, ఊరబెట్టినవీ మాత్రం మర్చిపోండి. అదొక్కటే వాళ్ళు చేసిన తప్పు.

కోడలు స్కూలు యూనిఫారాలు కుట్టే పని మానుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ఉప్పు లోటు తెలియకుండా నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, అల్లం, వేయించిన నువ్వులు. ఒకే గిన్నె, అందరికీ అదే. మామయ్యకొక్కరికే వేరుగా పెడితే ఆయన జైల్లో ఉన్నట్టు ఉంటుందని ఆమె పట్టుబట్టింది.

మొదటిరోజు భోజనం దగ్గర అందరి మొహాలూ ఆముదం తాగినట్టు అయ్యాయి. సిటీ బస్సు నడిపే పెద్దకొడుకు, ఆమె భర్త, ఒక్కో ముద్దకీ ఒక్కో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగాడు. పెద్దత్త అయితే, నేను చెప్పానే గానీ మళ్ళీ తింటానని మాటిచ్చానా, అని దెప్పింది. ఒక్క చిన్నకొడుకే తలొంచుకుని తిని, "బాగుంది వదినా, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. తండ్రి తరవాత మెస్ చూసుకుంటున్న వంటవాడు. అలాంటివాడి నోట ఆ మాట వచ్చేసరికి ఆమెకి ఏనుగెక్కినంత ధైర్యం వచ్చింది.

వారాలు గడిచేకొద్దీ నాలుకలు దారికొచ్చాయి. ఆకుకూరలో తీపి ఉందని పెద్దకొడుకు ఒకరోజు తనంతట తానే కనిపెట్టాడు. మేస్త్రి ఎక్కడా ఆగకుండా డాబా ఎక్కాడు. డాక్టరమ్మ ఆయన్ని ఇంకో పేషెంటుకి చూపించి, చూశారా, ఈయన తిండి ఇది, అంది.

ఇప్పుడు ఆ మనిషి కాళ్ళే నీరు పట్టి ఉన్నాయి.

*

డ్యూటీకి బయలుదేరుతున్న భర్తకి చెప్పింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే విన్నాడు.

"నేనేం అనడం లేదు," అన్నాడు. "నాన్న తినేది ఒక్క నీ చేతి వంటే కదా. ఆ మాటే అంటున్నాను."

"అనడం లేదంటూనే అనేశారు."

"నువ్వు వేశావనలేదు. కొన్న పిండిలో ఉందేమో, బ్రెడ్డులో ఉందేమో. చూసుకోవాలి కదా."

"ఇంట్లోకి బ్రెడ్డు వచ్చి ఎన్నాళ్ళయింది? మీరు తినేదీ అదే గిన్నెలోంచి. మీ కాళ్ళు చూపించండి."

ఆయన చూపించలేదు. ఆమె అడగాల్సిందీ అది కాదు. ఆయన ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆమె అది చూసి కూడా చెప్పలేదు.

ఆ రోజే ఆమె మామగారిని ఆటోలో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విడుస్తుంటే వంగి పక్కకి సర్దింది. కొత్త చెప్పులు, మెత్తటివి.

"చిన్నోడు కొనిచ్చాడు," అన్నాడు మేస్త్రి గొప్పగా. "నేను అడగనేలేదు."

ఈ ఇంట్లో ఆయన కాళ్ళ గురించి పట్టించుకున్నవాడు ఇంకొకడున్నాడు, అనుకుంది కోడలు. ఆ తలపుకే కళ్ళు చెమర్చాయి.

డాక్టరమ్మ కాళ్ళు నొక్కింది, వీపు మీద చెవిగొట్టం పెట్టి వింది, పరీక్షకి మూత్రం పంపించింది. నీరు పోయే మాత్ర పెంచింది. సాయంత్రం ఫలితం రాగానే ఫోన్ చేసింది.

"ఉప్పు వెళ్తోందమ్మా. కొంచెం కాదు. ఉప్పు మామూలుగా తినే మనిషి కంటే ఎక్కువ."

"నేను వేయడం లేదండీ."

"నమ్ముతాను. మీరు వేయకపోతే ఇంకెవరో వేస్తున్నారు. ఎవరో కనుక్కోండి. ఇది ఆపకపోతే మాత్రతో అయ్యే పని కాదు, మళ్ళీ మంచం ఎక్కాల్సిందే. ఈసారి గుండె నా మాట వింటుందని చెప్పలేను."

ఫోన్ పెట్టేశాక కోడలు వంటింట్లో నేల మీద కూర్చుంది. చుట్టూ ఆమె తోమిన గిన్నెలే. ఏ గిన్నెనీ అనుమానించడానికి లేదు.

ఇక మిగిలింది మనుషులు.

*

మొదటి అనుమానం పెద్దత్త మీదికి పోయింది. పోవడానికి కారణం ఉంది. తమ్ముడంటే ఆవిడకి ప్రాణం, చప్పటి తిండంటే ఏడుపు.

ఆవిడ స్నానానికి వెళ్ళిన సమయం చూసి కోడలు ఆవిడ గదిలో దూరింది. మంచం కింద ట్రంకుపెట్టె, దాని వెనక పాత చీర మూట. మూట విప్పితే జాడీ. మూత మీద గుడ్డ వాసెన. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలిసిపోయింది. ఉప్పులో ఊరబెట్టిన కాయలు.

తలుపు దగ్గర అలికిడైంది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పెద్దత్త నిలబడి ఉంది.

దొంగని పట్టుకున్నదెవరో, దొరికిందెవరో ఇద్దరికీ ఒక క్షణం అర్థం కాలేదు.

"మామయ్యకి ఇదేనా పెడుతున్నారు అత్తయ్యా?"

పెద్దత్త జాడీ వైపు చూసింది.

"అన్నం చాటున పెడుతున్నారా, ఉట్టిగా ఇస్తున్నారా? ఆయన కాళ్ళు చూశారా మీరు? మీ తమ్ముడి మీద మీకున్న ప్రేమ ఇదేనా?"

పెద్దత్త వచ్చి మంచం మీద కూర్చుంది. జాడీ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, పసిపిల్లని పెట్టుకున్నట్టు.

"వాసెన విప్పి చూడు," అంది.

కోడలు కదల్లేదు.

"విప్పవే. దొంగతనం పట్టుకోడానికి వచ్చావు కదా, సొత్తు చూసుకోవద్దూ?"

ముడి బిగుసుకుపోయి ఉంది. దాని మడతల్లో దుమ్ము పేరుకుని ఉంది. కోడలు గోళ్ళతో విప్పింది. కాయలు జాడీ మూతిదాకా ఉన్నాయి. పెట్టినవి పెట్టినట్టే, ఒక్కటీ తగ్గకుండా.

"వాడు ఆసుపత్రిలో పడక ముందు పెట్టినవి," అంది పెద్దత్త. "పారేయడానికి మనసొప్పలేదు. తినడానికి అంతకంటే ఒప్పలేదు. వాడు తినలేనిది నా గొంతు దిగుతుందా? చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళం."

తప్పయిపోయిందత్తయ్యా, అనబోయి కోడలు తలొంచుకుంది.

పెద్దత్త మళ్ళీ వాసెన కట్టింది. కట్టడం అయ్యాక మెల్లగా, ఎటో చూస్తూ, ఒక సంగతి చెప్పింది. ఇదివరకు తమ్ముడు అన్నం దగ్గర కూర్చుంటే గొణిగేవాడు. ఉప్పు లేదని, కారం లేదని. ఈమధ్య గొణగడం మానేశాడు. పెట్టింది నాలుగు మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. నువ్వు అది చూసి అలవాటు పడ్డాడని సంతోషించావు, అంది.

"అలవాటు పడినవాడు తింటాడే. తినకుండా లేచేది కడుపు నిండినవాడు."

ఆ పూట పెద్దత్త భోజనానికి రాలేదు. కోడలు కంచం తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టింది. సాయంత్రం చూస్తే కంచం అక్కడే ఉంది, మీద మూతతో.

*

మర్నాడు ఉదయం మేస్త్రి వేలికి నాడి చూసే చిన్న మిషన్ తగిలించేటప్పుడు కోడలు ఆగింది. కుడిచేతి గోళ్ళ చుట్టూ ఎర్రటి చార. వేలితో రుద్దింది. జిడ్డు.

ఆమె వంటింట్లో నూనె గరిటె చివర తడికే సరి. ఎర్రటి జిడ్డు ఆమె గిన్నెల్లోది కాదు.

అంకె చూసి, మిషన్ తీసి పెట్టెలో పెట్టి, "ఇవాళ నడకకి వెళ్ళరా మామయ్యా?" అంది.

"వెళ్ళకపోతే మీ డాక్టరమ్మ ఊరుకుంటుందా?"

రోజూ ఎండ ముదిరాక ఆయన పెరట్లో నడుస్తాడు. మళ్ళీ సాయంత్రం, చీకటి పడకముందు. నడక గుండెకి మంచిదని డాక్టరమ్మ చెప్పిందే. ఎండలో ఎందుకని కోడలు ఒకసారి అడిగితే, ఎముకలకి మంచిదన్నాడు. ఆయన నడకకి వెళ్ళే రెండు వేళలూ మెస్‌లో వంటలు దిగే వేళలని ఆమెకి ఇప్పుడు, చేతిలో ఆ మిషన్ పెట్టెతో, తట్టింది.

ఆయన బయటికి వెళ్ళిన కాసేపటికి ఆమె వంటింటి తలుపు తీసుకుని పెరట్లోకి వచ్చింది. పెరడు ఖాళీగా ఉంది. ఆరేసిన దుప్పట్ల అవతల, గోడలో మెస్‌కి వెళ్ళే చిన్న తలుపు ఓరగా తెరిచి ఉంది. గుమ్మంలో ఒక జత కొత్త చెప్పులు.

దుప్పటి పక్కకి తీసి, తలుపు సందులోంచి చూసింది.

బోర్లించిన నూనె డబ్బా మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో స్టీలు పళ్ళెం. పళ్ళెం నిండా చిన్న చిన్న అన్నం కుప్పలు, ఒక్కోదాని మీద ఒక్కో కూర. ఎర్రగా, నూనె తేలుతూ. ఎదురుగా చిన్నకొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని నమిలి, మింగాడు.

ఆయన పద్ధతి అది. ఊళ్ళో వంటవాళ్ళందరికీ తెలుసు. కూర ఉట్టిగా చూడకూడదు, అన్నంలో కలిపే చూడాలి. తినేవాడు ఎలా తింటాడో అలాగే తినాలి. ఉమ్మకూడదు, మింగాలి. వండినవాడే ఉమ్మేస్తే ఎదుటివాడి కంచంలో అది ఏ మొహంతో వేస్తాడని ఆయన అడిగేవాడు. ఒక్కో గిన్నెకీ ఒక ముద్ద. సరిచేశాక మళ్ళీ ఒక ముద్ద. ఆ మెస్‌లో గిన్నెలు తక్కువేం కాదు.

"దీనికి ఇంకో పిడికెడు," అన్నాడు మేస్త్రి, ఒక కుప్ప చూపిస్తూ. మాట మధ్యలో ఆయాసపడ్డాడు.

తలుపు కిర్రుమంది.

మేస్త్రి నోట్లో ముద్ద ఉంది. దాన్ని మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలో అలాగే పెట్టుకుని కోడలి వైపు చూశాడు. ఆవు పక్కింటి చేలో పడి దొరికినట్టు ఉంది ఆ చూపు. చిన్నకొడుకు చేతిలోని గరిటె నేల మీద పడింది.

పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోంది. అవతల హాల్లో బెంచీలు జరుపుతున్న చప్పుడు.

కోడలు వచ్చి పళ్ళెం తీసుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుంది.

"వాడినేం అనకమ్మా," అన్నాడు మేస్త్రి. ముద్ద మింగేశాడు. "నేనే వచ్చాను. చేతులు ఊరుకోలేదు."

"మీరు నాతో ఇప్పుడు మాట్లాడకండి మామయ్యా."

ఆయన మీద ఆమె గొంతు అలా లేవడం అదే మొదలు. ఆయన తలొంచుకున్నాడు. తలొంచుకుంటే ఆయాసం ఎక్కువవుతోందని మళ్ళీ ఎత్తాడు.

ఆమె మరిది వైపు తిరిగింది. తండ్రి దగ్గర చిన్నప్పటినుంచి పని నేర్చినవాడివి కదా, అంది. కూరలో ఉప్పు చూసుకోవడం నీకు చేతకాదా? చేతకాకపోతే నన్ను పిలవకూడదూ? ఈ పూట నుంచి నేను చూస్తాను, మామయ్య ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు.

అంటూనే పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.

నాలుక భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకాలం ఆకుల తీపీ పప్పు కమ్మదనమూ మరిగిన నోరు, ఆ ఉప్పుని లోపలికి రానివ్వలేదు. చీరచెంగు అడ్డం పెట్టుకుని అతి కష్టం మీద మింగింది.

"ఇది మనుషులు తింటారా?"

అవతల హాల్లోంచి ఒక పెద్ద గొంతు వినిపించింది. రోజూ మెస్‌కి వచ్చే వర్క్‌షాపు పనివాళ్ళలో ఎవరో, మొదటి బంతిలో కూర్చున్నవాడు. ఇవాళ కూర అదిరింది, మేస్త్రి మళ్ళీ గరిటె పట్టాడా ఏంటి, అని అడుగుతున్నాడు. ఎవరో నవ్వారు. ఇంకెవరో మారు అడిగారు.

ఆమె చేతిలోది అదే కూర.

చిన్నకొడుకు ఆమె మొహంలోకి చూశాడు. అతని మొహంలో చివరి ఆశ కూడా జారిపోవడం ఆమెకి కనిపించింది.

"నీకూ ఎక్కువే అనిపించింది కదూ," అన్నాడు. "అయితే నువ్వూ పనికిరావు వదినా. మన ఇంట్లో ఇంక ఎవరూ పనికిరారు."

"ఏం మాట్లాడుతున్నావు?"

మేస్త్రి చెయ్యెత్తాడు, వద్దురా అన్నట్టు. కొడుకు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. తండ్రి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గరిటె తీసుకుని దాన్నే చూస్తూ మొదలుపెట్టాడు.

"నాకు రుచి తెలీదు వదినా. వానల్లో నాకు జ్వరం వచ్చింది గుర్తుందా, నాన్న పడిపోవడానికి ముందు. జ్వరం పోయింది, రుచీ వాసనా దాంతోపాటే పోయాయి. ఇవాళ వస్తాయి రేపు వస్తాయి అనుకున్నాను. రాలేదు. నువ్వు ఉప్పు లేకుండా వండిన మొదటిరోజు అందరూ మొహాలు చిట్లించారు, నేను బాగుందన్నాను. నువ్వు ఎంత సంతోషపడ్డావో. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. నాకు తేడా తెలిస్తే కదా.

"నాన్న ఆసుపత్రిలో ఉండగా కొలతలతో నెట్టుకొచ్చాను. కొలత ఎంతవరకు నిలబడుతుంది? ఒకసారి కూరగాయ నీరు వదులుతుంది, ఒకసారి వదలదు. ఒకరోజు వర్క్‌షాపువాళ్ళు బంతి బంతీ కంచాలు వదిలేసి లేచిపోయారు. పనివాళ్ళని చూడమనొచ్చు. అంటే తెలిసిపోతుంది. రుచి తెలీనివాడు వండిన అన్నం ఎవరు తింటారు చెప్పు? అన్నయ్యకైతే బస్సుంది. నాకు ఈ గరిటె తప్ప ఇంకోటి చేతకాదు. అందుకని నాన్న దగ్గరికి వెళ్ళాను. ఒక్క ముద్ద చూడు నాన్నా అని.

"ఒక్క ముద్దతో ఆగేది వదినా. నిజంగా ఆగేది. కానీ నీ వంట పనిచేసింది. నాన్న నాలుక మారిపోయింది. నాలాంటివాడికి ఆయన నాలుకే దిక్కు, అదేమో ఏది పెట్టినా ఉప్పెక్కువైంది అంటుంది. తగ్గించాను. కంచాలు మళ్ళీ మిగిలాయి. తినేవాళ్ళ నాలుకలు మారలేదు కదా. అప్పుడు నాన్న అన్నాడు, కోడలి తిండి నా గుండెకి మంచిదేరా, నా నాలుకని మాత్రం పాడుచేస్తోంది, దాన్ని మళ్ళీ దారిలో పెట్టాలి అని. అన్నది ఆయనే. పెట్టింది నేను. ఆ రోజు నుంచి రుచి చూపించడం మానేసి కంచం నిండా పెట్టాను. పొద్దునా, సాయంత్రం. ఆయన ఉప్పు మర్చిపోకుండా. నువ్వు అటు ఇంట్లో కడుగుతుంటే, నేను ఇటు పోస్తూ వచ్చాను.

"ఆయన వద్దన్న పూటలు కూడా ఉన్నాయి. ఆయాసంగా ఉందిరా, ఇవాళ వదిలెయ్ అనేవాడు. నేనే బతిమాలాను. ఈ ఒక్క గిన్నె నాన్నా, ఈ ఒక్కటే అని.

"కాళ్ళు వాచడం నీకంటే ముందు నేను చూశాను వదినా. పాత చెప్పులు పట్టడం లేదురా, పట్టీ కోసుకుపోతోంది అన్నాడు. నువ్వు చూస్తే అడుగుతావని భయం వేసింది. నీతో చెప్పాలని ఇంటిదాకా బయలుదేరాను. నీ గుమ్మం దాటి బజారుకి వెళ్ళి కొత్తవి కొనుక్కొచ్చాను. ఒక సైజు పెద్దవి."